పుంజు ముట్టని గింజలు

నా చిన్నప్పుడు మా కొండ మీద దేవుడి మనసు ఏమిటో కోడి చెప్పేది. విత్తనం చల్లే ముందు, పిల్లకి సంబంధం ఖాయం చేసుకునే ముందు, జబ్బుపడ్డ మనిషి లేచి తిరిగిన తరువాత, ముగ్గు వేసి, మధ్యలో గుప్పెడు బియ్యం పోసి, పుంజుని వదిలేవారు. అది గింజ ముట్టిందంటే దేవుడు ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే ఆ ఇంటి మీద ఏదో కోపం ఉన్నట్టు. ముట్టిన పుంజు ఆ పూటే కూరయ్యేది. ముందు రోజు సాయంత్రం నుంచి దానికి మేత పెట్టకూడదని కూడా ఒక ఆచారం ఉండేది. దేవుడి మనసు తెలుసుకోవడానికి కోడి కడుపు ఎందుకు ఎండగట్టాలో అప్పట్లో నాకు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాదనడానికి మా పెద్దవాళ్లు దేవుడికి పెద్దగా సందు ఇచ్చేవారు కాదు.

మాది పాచిపెంట దాటి కొండ ఎక్కితే వచ్చే చిన్న ఊరు. పదిపన్నెండు గడపలు ఉండేవి, అంతే. పోడు కొట్టి చోళ్లు అనే రాగులు, సామలు, కందులు పండించుకోవడం, అడ్డాకులూ చింతపండూ సాలూరు సంతకి మోసుకుపోవడం, ఇదీ మా బతుకు. మా చిన్నాన్నకి ఈ బతుకు చాల్లేదు. విశాఖపట్నంలో హార్బరు తవ్వుతున్నారని, రాళ్లు మోసేవాళ్లకి చేతినిండా పని ఉందని సంతలో విని, ఒకనాడు కావిడి మా నాన్న భుజం మీదికి మార్చి, అటునుంచి అటే రైలెక్కేశాడు. మా నాన్నమ్మకి ఆయన కడగొట్టు కొడుకు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఎవరు నవ్వినా ఆవిడకి కోపం వచ్చేది.

ఆ తరువాత వానాకాలంలో కబురు వచ్చింది. చిన్నాన్నకి చలిజ్వరం పట్టుకుందని, మనిషిని గుర్తుపట్టే స్థితిలో లేడని, పట్నంలో పాత పెద్ద చర్చి పక్కన తెల్లబట్టల అమ్మగార్లు నడిపే ఆసుపత్రిలో పడుకోబెట్టారని సంత నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. గెడ్డ పొంగి దారి మూసుకుపోయి ఉంది. నాన్నమ్మ కిందికి దిగలేకపోయింది. వానలోనే వాకిట్లో నిలబడి, సముద్రం ఉందనుకున్న వైపు తిరిగి, నా కొడుకు ఏ దేవుడి నీడన పడి ఉన్నాడో ఆ దేవుడికి ఎర్రపుంజుని తెచ్చి ఇచ్చుకుంటానని గట్టిగా మొక్కుకుంది. ఆ దేవుడి పేరు ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. కొడుకుని బతికిస్తే చాలు, ఎవరైనా సరే.

చిన్నాన్న బతికాడు. చోళ్లు కోతకొచ్చే వేళకి మళ్లీ పనిలోకి వెళ్తున్నాడని తెలిసింది. మమ్మల్ని ఒకసారి రమ్మని, సముద్రం, ఓడలు, పెద్ద చర్చి అన్నీ చూపిస్తానని కబురు పెట్టాడు. ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే నాన్నమ్మ మాత్రం లేచి పెరట్లోకి వెళ్లి కోళ్లకేసి చూసింది. మా పెరట్లో ఉన్న ఎర్రపుంజు ఒక్కటే. అది నాది.

నాది అని ఊరికే అనడం లేదు. అది పిల్లగా ఉన్నప్పుడే తల్లికోడిని ముంగిస ఎత్తుకుపోయింది. మిగతా పిల్లలు ఒకటొకటిగా పోయాయి. ఇదొక్కటే నా గుడ్డ చెంగులో పడుకుని, నా అరచేతిలో తిని పెరిగింది. ఎర్రోడా అని పిలిస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. మొక్కు మాట విని నేల మీద పడి దొర్లాను. మా అమ్మ లేవదీసి మొహం కడిగింది. చిన్నాన్న కావాలా, పుంజు కావాలా అని అడిగింది. రెండూ కావాలని చెప్పే ధైర్యం లేకపోయింది. ఏడుపు మాన్పించడానికి కాబోలు, నన్ను కూడా నాన్నమ్మతో పంపారు.

కొండ దిగి సాలూరు చేరేసరికి ఒక రోజు పట్టింది. అక్కడ రైలెక్కి, బొబ్బిలిలో ఒకసారి, విజయనగరంలో ఒకసారి మారి వాల్తేరులో దిగాం. రైలంటే నాకు భయం వేయలేదు కానీ నాన్నమ్మకి దాని మీద నమ్మకం కుదరలేదు. దారి పొడుగునా కిటికీ కమ్మీ పట్టుకుని, కొండల మలుపుల్లో మనుషుల్ని హెచ్చరించినట్టు, రైలుని జాగ్రత్త అంటూనే ఉంది. ఎర్రోడు వెదురుగంపలో నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నా ఒళ్లో చిన్నాన్నకని అమ్మ కట్టిచ్చిన చోళ్ల మూట ఉంది. పట్నంలో అంబలి దొరకదని ఆవిడ బెంగ. ఆ మూటకేసి, గంపకేసి మార్చి మార్చి చూస్తుంటే, బొబ్బిలి దాటాక నాకు ఒక ఆలోచన వచ్చింది. కడుపు నిండి ఉంటే కోడి గింజ ముట్టదు. ముట్టకపోతే దేవుడికి వద్దన్నట్టు. వద్దన్న పుంజుని ఎవరు కోస్తారు?

ఇంత తెలివి నాకు ఎక్కడిదా అని మురిసిపోయాను.

ఆ సాయంత్రం చిన్నాన్న పాకలో నాన్నమ్మ గంప మీద రాయి పెట్టి, ఇక దీనికి మేత లేదని చెప్పింది. తెల్లారగానే ఆవిడ నీళ్లకి వెళ్లిన సందులో నేను రాయి తీసి, ఎర్రోణ్ణి ఒళ్లో పెట్టుకుని, చోళ్లు గుప్పెళ్లతో పెట్టాను. వాడు కాదనే రకం కాదు. మెడ మొదట్లో మేత నిలవుండే తిత్తి చిన్న కొబ్బరికాయంత అయ్యేదాకా తిన్నాడు. నాన్నమ్మ వచ్చి గంప కదిలినట్టుందని అనుమానపడింది. "దీనికి ఏటైనా పెట్టినావేటే గుంటా?" అని అడిగింది. నేదు అన్నాను. అదే మొదటిసారి నాన్నమ్మతో అబద్ధం చెప్పడం. ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

చిన్నాన్న మమ్మల్ని పట్నమంతా తిప్పాడు. జ్వరానికి ఒళ్లు సగమైపోయింది కానీ నోరు మాత్రం రెట్టింపు అయింది. ఇది లైటుహౌసు, అది కస్టమ్సు, ఇదిగో ఈ రాయి నేనే మోశాను అంటూ ముందు నడిచాడు. సముద్రం చూసి నేను నోరు తెరిచాను. నాన్నమ్మ కొంచెం సేపు చూసి, ఇన్ని నీళ్లు ఉండి ఒక్క మడి కూడా తడవదా అని ఈసడించింది. ఒడ్డున కూర్చున్నప్పుడు ఎర్రోడి ముక్కు చివర చోడిపిండి లాంటిదేదో ఆవిడ కంట పడింది. మళ్లీ అడిగింది. ఇసక అని చెప్పాను. నేను మేత పెట్టలేదని ఈసారి ఒట్టు కూడా వేశాను.

ఆ తరువాత చర్చికి వెళ్లాం. అది ఎప్పటిదో తెల్లదొరలు కట్టిన పాత కట్టడం. తెల్లటి సున్నం గోడలకి వానలు పడి పడి నల్లటి చారలు దిగాయి. నేను అంతవరకు చూసిన పెద్ద ఇల్లు సాలూరులో అడ్డాకులు కొనే షావుకారుది. అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టినా దీని కొసని అందుకోవు. మెడ వెనక్కి వంచి చూస్తే గోపురం మీద శిలువ, దాని కొసన ఇనుప పుంజు ఉన్నాయి. గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. నాన్నమ్మ దాన్ని చూసి నిలబడిపోయింది. ఆవిడ మొహం విప్పారింది.

"సూసినావా? పుంజుని నెత్తి మీద ఎట్టుకున్న దేవుడు. మన పుంజుని ఒద్దంటాడేటి?" అంది.

నేను గంపకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

చిన్నాన్న మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి, తనని బతికించిన అమ్మగార్లకి దణ్ణం పెట్టి తీసుకొస్తానని పక్క దొడ్లోకి వెళ్లాడు. తను వచ్చేదాకా లోపలికి వెళ్లొద్దన్నాడు. వద్దన్న పనే మా నాన్నమ్మ ఎప్పుడూ ముందు చేసేది. ఆయన మలుపు తిరగగానే గంప ఎత్తుకుని లేచింది.

గుమ్మం పక్కన గోడకి ఒక రాతి గిన్నె, అందులో నీళ్లు ఉన్నాయి. దేవుడి దగ్గరకి వెళ్లేముందు పుంజు కాళ్లూ ముక్కూ కడగడం మా ఆచారం. ఈ దేవుడికి ఎంత ముందుచూపో అని మెచ్చుకుంటూ నాన్నమ్మ ఎర్రోడి కాళ్లని ఆ గిన్నెలో ముంచి శుభ్రంగా కడిగింది. ఆ నీళ్లు మంత్రించిన నీళ్లని, ఆ చర్చి వాళ్లు వేలి కొసతో మాత్రమే ముట్టుకుని నుదుట పెట్టుకుంటారని మాకు ఎవరు చెప్పాలి? తెచ్చుకున్న పసుపు కూడా దాని తల మీద రాసింది. పసుపు రాసిన తరువాత గింజ ముట్టేదాకా మొక్కుకున్న మనిషి పుంజుని తాకకూడదు. అందుకని నన్ను పట్టుకోమంది. ఆవిడ చెయ్యి దాని మెడ మీద పడివుంటే నా గుట్టు అక్కడే బయటపడేది.

లోపల ఎవరూ లేరు. వరసగా చెక్కబల్లలు, దూరంగా దీపం, ఒక పక్క బిడ్డనెత్తుకున్న తల్లి బొమ్మ. నాన్నమ్మ ఆవిడకి దణ్ణం పెట్టి, బిడ్డ తల్లివి, నా సంగతి నీకు తెలుస్తుందని ఏదో చెప్పుకుంది. ఇంకో పక్క గడ్డం మనిషి బొమ్మ, చేతిలో తాళాలు. చల్లటి రాతినేల మీద ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో వెలుగు పరుచుకుని ఉంది. పైన రంగు అద్దాల కిటికీలు ఉన్నాయని, ఎండ వాటిలోంచి పడుతోందని నాకు కాసేపటికి అర్థమైంది. నాన్నమ్మ పైకి చూడలేదు. కిందే చూసింది. దేవుడి ముగ్గు తొక్కకూడదు కదా, చీర ఎత్తిపట్టుకుని ఆ రంగుల అంచు వెంట చుట్టూ తిరిగి వెళ్లింది. మనుషులెవరూ వెయ్యకుండానే ముగ్గు పడే చోటు ఇదని, మన మొక్కు చెల్లే చోటు ఇదేనని చెప్పి, అంచున నిలబడే చెయ్యి చాపి ఆ రంగుల నడిమధ్యన గుప్పెడు బియ్యం పోసింది. నన్ను పుంజుని వదలమంది.

వదిలాను. ఎర్రోడు రెండడుగులు వేసి, ఎర్రటి వెలుగులో నిలబడి, బియ్యాన్ని ఒక కంటితో చూశాడు. తరువాత ఇంకో కంటితో చూశాడు. అన్నీ చూసి మోకాళ్లు మడిచి హాయిగా కూర్చున్నాడు.

నాన్నమ్మ నవ్వుతూ బుజ్జగించింది. తరువాత బతిమాలింది. ఇంతలో ఇంకో ఘోరం జరిగింది. పొద్దు తిరుగుతున్న కొద్దీ రంగులు నేల మీద జరగడం మొదలుపెట్టాయి. బియ్యం కుప్పలో సగం నీడలోకి వచ్చింది. ముగ్గు తన గింజల్ని వదిలేసి గోడ వైపు తప్పుకుంటోందని నాన్నమ్మ గ్రహించింది. ఆవిడ మొహం ఎలా పాలిపోయిందో ఈ రోజుకీ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

"నా పుంజు ఒద్దన్నాడే. ముగ్గు కూడా తీసేసుకుంతన్నాడు. నా కొడుకుని మల్లీ ఏం సేత్తాడో," అంటూ నేల మీద కూలబడింది.

నేను అనుకున్నది అంతా నేను అనుకున్నట్టే జరిగింది. పుంజు బతికింది. కానీ నాన్నమ్మ కొడుకు చావు గురించి ఏడుస్తుందని నా తెలివి నాకు చెప్పలేదు. దేవుడు వద్దంటే పుంజు మిగులుతుందని లెక్కేసుకున్నాను కానీ, ఆ వద్దనడం ఒక తల్లికి ఏమవుతుందో నా ఆలోచనలోకే రాలేదు. ఆవిడ నా రెండు భుజాలూ పట్టుకుని, నీకు తెలిసి ఏమైనా అపచారం జరిగిందా, ఏమైనా పెట్టావా అని మూడోసారి అడిగింది. ఆ కళ్లల్లోకి చూస్తూ పెట్టానని చెప్పడం నా వల్ల కాలేదు. నేదు అన్నాను. ఈసారి సులువుగా రాలేదు.

అప్పుడే పక్క తలుపులోంచి గంట కొట్టే తాత వచ్చాడు. పేరు నాకు తెలియదు, మేము గంటతాత అనే చెప్పుకునేవాళ్లం. ఆ చర్చికి కాపలా, ఊడ్చేది, దీపం పెట్టేది, గంట కొట్టేది అన్నీ ఆయనే. మోకాళ్ల పైకి పంచె, మొలకి పెద్ద ఇనుప తాళాల గుత్తి. నేల మీద బియ్యం, పసుపు రాసిన పుంజు, ఏడుస్తున్న ముసలమ్మ, ఇవన్నీ చూసి ఆయన కేకలేస్తాడని నేను నాన్నమ్మ వెనక్కి నక్కాను. ఆయన కేకలెయ్యలేదు. వచ్చి మాతో పాటు నేల మీద కూర్చున్నాడు.

"ఏటైంది అప్పా? ఎందుకలగ ఏడుత్తన్నావు?" అని అక్కని అడిగినట్టు అడిగాడు.

నాన్నమ్మ జ్వరం దగ్గర నుంచి ముగ్గు దాకా మొత్తం చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. ముగ్గు సంగతి చాలా తేలిక అన్నాడు. ఈ దేవుడి ముగ్గు పొద్దుతో పాటు నడుస్తుందని, పొద్దున్న ఆ గోడ మీద పుట్టి మాపటికి ఈ గోడ ఎక్కుతుందని, తన చిన్నతనం నుంచీ ఒక్కచోట నిలబడగా చూడలేదని, మళ్లీ రేపు ఇదే వేళకి ఇక్కడికే వస్తుందని చెప్పాడు. నాన్నమ్మ ఏడుపు కొంచెం తగ్గింది. మరి పుంజు మాటేమిటని అడిగింది.

ఆయన ఎర్రోణ్ణి ఎత్తుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కోళ్లు పెంచిన చెయ్యి. రెక్కల కింద నుంచి మెడ దాకా నిమిరి, తిత్తి మీదికి రాగానే ఆగింది. రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూశాడు. చోళ్లు ఆయన వేళ్ల కింద కదిలే ఉంటాయి. తల ఎత్తి నా వైపు చూశాడు. నేను చచ్చాననుకున్నాను. ఒక్క మాట చాలు, నా మూడు అబద్ధాలూ నేల మీద బియ్యంలా కనిపించేవి.

ఆ మాట ఆయన అనలేదు. పుంజు మెడ నిమురుతూ, బయట గోపురం మీద ఇనుప పుంజుని చూశారా, అది అక్కడ ఎందుకుందో తెలుసా అని కథ ఎత్తుకున్నాడు. ఈ గుడి ప్రభువుకి ఒక సావాసగాడు ఉండేవాడట. ప్రాణం ఇస్తానన్నవాడు. ప్రభువుని పట్టుకుపోయిన రోజు, ఈయన నీకు ఎరికేనా అని ఎవరో అడిగితే భయపడి, ఎరగను అన్నాడట. మళ్లీ అడిగితే మళ్లీ ఎరగనన్నాడు. మూడోసారీ అదే మాట. అప్పుడు కోడి కూసిందట. ఆ కూత వినగానే తను ఏం చేశాడో తెలిసొచ్చి బయటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడట. ఆ కూత మరిచిపోకూడదనే పుంజుని పైన పెట్టుకున్నారట.

మూడు అనేసరికి నా చెవులు వేడెక్కాయి. కానీ అడగకుండా ఉండలేకపోయాను. "తరవాత ఆయన్ని ఏటి సేసినారు తాతా? కొట్టినారా?" అన్నాను.

ఆయన గోడ పక్కన గడ్డం మనిషి బొమ్మ చూపించాడు. "ఆయనే ఈయన. కొట్టనేదమ్మా. తాళాలు ఈయన సేతికే ఇచ్చినారు," అన్నాడు.

అంత వరకే చెప్పి లేచాడు. మధ్యాహ్నం గంట కొట్టే వేళయిందట. తాడు లాగేటప్పుడు తాళాలు మొలకి తగులుతాయని గుత్తి ఊడదీశాడు. నాన్నమ్మ చేతికి ఇస్తాడనుకున్నాను. నా చేతిలో పెట్టాడు. "పట్టుకోమ్మా. నాను గంట కొట్టొచ్చి తీసుకుంతాను. నాకు కాసింత సేపవుద్ది," అని, పుంజుని మా దగ్గర వదిలి, గోపురం కిందకి వెళ్లిపోయాడు. ఆ గుత్తి ఎంత బరువుందో! రెండు చేతులా పట్టుకున్నా మణికట్లు వంగాయి. ఆ గుడి తలుపులన్నీ నా చేతిలో ఉన్నాయి. నేను అబద్ధాలకోరునని తెలిసీ ఇచ్చాడు.

చెప్పాలని అప్పుడు అనిపించింది. భయం వల్ల కాదు. ఆ తాళాలు పట్టుకుని చెప్పకుండా నిలబడలేకపోయాను, అంతే. "నానమ్మా, నానే పెట్టినాను," అన్నాను. సరిగ్గా అదే క్షణాన పైన గంట మోగింది. అంత పెద్ద గంట కింద నేను ఎప్పుడూ నిలబడలేదు. నేల అదిరింది, ఎర్రోడు నా కాళ్ల మధ్య దూరాడు. నాన్నమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏటీ, ఏటీ అంటోంది. మళ్లీ చెప్పాను. గంట మళ్లీ మింగేసింది. ఇక లాభం లేదని గుండెల నిండా ఊపిరి తీసుకుని, కొండ మీద అవతలి గట్టు మనిషిని పిలిచినట్టు గట్టిగా అరిచాను. నేను అరిచే సమయానికి గంట ఆగింది.

"సోళ్లు నానే పెట్టినాను నానమ్మా!"

చర్చి అంతా తిరిగి నా మాట మళ్లీ నా దగ్గరికే వచ్చింది. గోడలు కూడా అదే అన్నాయి. గుమ్మంలో అప్పుడే అమ్మగారితో వచ్చిన చిన్నాన్న నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నాన్నమ్మ నా వైపు చూసింది. వంగి, ఆచారం సంగతి కూడా మరిచిపోయి, ఎర్రోడి తిత్తి తడిమి చూసింది. తడిమి, నా చెవి పట్టుకుని మెలిపెట్టింది, అబ్బ, ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది. ఆ మెలిపెట్టిన చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "అయితే దేవుడికి కోపం నేదు. నా కొడుక్కి భయం నేదు," అని పదేపదే అంది. ఆవిడకి కావలసింది పుంజు ప్రాణం కాదు, ఆ ఒక్క మాట. అది నా నోట్లోనే ఉందని పొద్దుటి నుంచీ నాకు తెలియలేదు.

గంటతాత తిరిగొచ్చి, ఏమీ విననట్టే, నా చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. మరి మొక్కు మాటేమిటని నాన్నమ్మ పట్టుబట్టింది. దేవుడికని తెచ్చింది వెనక్కి పట్టుకుపోకూడదు, అది మా కొండ కట్టుబాటు. ఈ గుళ్లో కోడిని కొయ్యరని, ఈ దేవుడికి దాని కూత ఇస్తే చాలని ఆయన చెప్పాడు. తనకి వయసు మీద పడిందని, తెల్లారి గంటకి ఒక్కోనాడు మెలకువ రావడం లేదని, లేపడానికి ఒకడు కావాలని అన్నాడు. నాన్నమ్మ ఆలోచించి ఒప్పుకుంది. రాతి గిన్నెలో పుంజు కాళ్లు కడిగిన సంగతి అమ్మగారికి తెలిసిందో లేదో నాకు తెలియదు. తాత మాత్రం చడీచప్పుడు లేకుండా ఆ నీళ్లు పారబోసి గిన్నె తుడిచాడు. నేల మీద బియ్యం మేమే ఏరాం. ఎర్రోణ్ణి ఆయన దొడ్లో వదిలేటప్పుడు ఏడ్చాను కానీ, ఇంటి దగ్గర పడి దొర్లిన ఏడుపు కాదు. వాడు బతికే ఉంటాడు, పైగా ఉద్యోగస్తుడు కూడానూ.

ఆ తరువాత చిన్నాన్న నుంచి ఎప్పుడు కబురొచ్చినా చివర నా కోసం ఒక మాట ఉండేది. తెల్లవారుజామున ముందు ఎర్రోడు కూస్తాడని, ఆ వెంటనే చర్చి గంట మోగుతుందని, హార్బరు పాకలన్నీ దానికే లేస్తాయని. మా కొండ మీద నిద్ర లేవగానే, ఈపాటికి పట్నం లేచి ఉంటుంది అనుకునేదాన్ని. నాన్నమ్మ బతికినన్నాళ్లూ సముద్రం వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టేది. ఆ దేవుడి పేరు ఆవిడ చివరిదాకా అడగలేదు. చిన్నాన్న ఆవిడ కంటే చాలా ఏళ్లు ఎక్కువ బతికాడు.

నాకిప్పుడు మునిమనవలు ఉన్నారు. ఇంటినిండా పిల్లలుంటే ఇంటినిండా అబద్ధాలుంటాయి. బెల్లం డబ్బా ఖాళీ అవుతుంది, పలక పగులుతుంది, ఎవరినడిగినా నేను కాదంటారు. చాలాసార్లు ఎవరో నాకు తెలిసిపోతుంది. ఈ వేళ్లకీ తిత్తులు తడమడం వచ్చు. అప్పుడు నేనేమీ అడగను. మొలలో దోపుకున్న బీరువా తాళాలు తీసి ఆ పిల్ల చేతిలోనో పిల్లాడి చేతిలోనో పెట్టి, పట్టుకోమ్మా, పెరట్లో కరివేపాకు కోసుకొస్తాను, నాకు కాసేపవుతుంది అని చెప్పి వెళ్తాను. తొందరపడను. ఒక్కొక్క రెమ్మే తుంపుతాను. తిరిగి వచ్చేసరికి తరచుగా ఎవరో ఒకరు తాళాలు రెండు చేతులా పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో గుమ్మంలో నిలబడి ఉంటారు. ఒక్కోసారి ఉండరు. అప్పుడు ఇంకాస్త కరివేపాకు కావాలని మళ్లీ పెరట్లోకి వెళ్తాను.